పదకొండో గడి

1967 అక్టోబర్ 4

పొద్దున పాసింజర్‌లో బోధన్ నుంచి నిజామాబాద్. గంజ్ వెనక సందులో మేడ మీద గది. కొత్త చక్కెర మిల్లు వాళ్ళు టైపిస్టు కోసం పిలిచారు. బెంచీ మీద ఏడుగురం, ఆడపిల్లను నేనొక్కతినే.

టైపు బాగానే చేశాను. తర్వాత ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. రోనియో తీసిన కాగితం, సిరా వేళ్ళకు అంటుతున్నది. ఇరవై గడులు. తండ్రి పేరు ముందు 'కీర్తిశేషులు' అని రాయాలంటే నాలుగేండ్లయినా చెయ్యి ఆగుతుంది. తల్లి పేరు దగ్గర అవ్వ పేరు — శాంతమ్మ. అమ్మను నేను అవ్వ అనే అంటాను.

ఎనిమిదో గడి: ఏ మతం? పుట్టుకతోనా, మారినవారా?

తొమ్మిది: పెండ్లి కుదిరిందా? కుదిరితే ఎప్పుడు?

పదకొండు: ఇంట్లో ఎవరికైనా క్షయ, కుష్టు, మూర్ఛ వంటి జబ్బులు ఇప్పుడు గానీ ఇంతకుముందు గానీ ఉన్నవా? ఎవరికి?

ఆ గడి వదిలేసి ఇరవై దాకా పోయాను. మళ్ళీ వెనక్కి వచ్చాను. 'లేదు' అని రాశాను.

హెడ్ క్లర్క్ నర్సింగరావు గారు వేలు పెట్టి పై నుంచి కిందికి చదివారు. నా కళ్ళు ఆయన వేలి మీదే. పదకొండు దగ్గర ఆగలేదు.

"గొంతు జర పెంచాలె తల్లీ. ఫోన్ గూడ ఎత్తాల్సి ఉంటది" అన్నారు.

అక్టోబర్ 5

"ఏమేం అడిగిన్రు బిడ్డా?"

"టైపు."

"గంతేనా?"

"గంతే అవ్వా."

అక్టోబర్ 7

సందె వేళ. అవ్వ చెయ్యి చాపింది, నేను చూశాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే వరస — దీపం ముట్టించగానే రెండు చేతులు, రెండు పాదాలు. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు వంగి ఉంటాయి, వాటికి స్పర్శ లేదు. పొయ్యి మీది గిన్నె తాకి బొబ్బ వచ్చినా అవ్వకు తెలియదు. అందుకే రోజూ ఎవరో ఒకరు చూడాలని డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రిలో నేర్పారట. అక్కడ ఏడేండ్లు ఉంది అవ్వ. నేను పుట్టకముందే నయమైంది. నేను ఆ జబ్బును ఒక్కరోజు కూడా చూడలేదు, దాని తర్వాత మిగిలిన వేళ్ళను చూశాను, అంతే.

'ఇంతకుముందు గానీ' — ఆ ఒక్క మాట లేకుంటే నేను రాసింది నిజమే.

అక్టోబర్ 14

ఉత్తరం వచ్చింది. సోమవారం నుంచి పనిలోకి.

అవ్వ వాకిట్లో నిలబడి ప్రార్థన చేసింది, సందంతా వినేట్టు. ఊరూరా తిరిగి సువార్త చెప్పే మనిషి. మెల్లగా మాట్లాడడం రాదు. నా గొంతు ఎవరి నుంచి వచ్చిందో.

అక్టోబర్ 16

మిల్లు కోటగిరి రోడ్డు మీద. గోడలు ఇంకా తడిగానే ఉన్నాయి. నా బల్ల కిటికీ దగ్గర. వెనక ఆకుపచ్చ అల్మారి, దాని తాళంచెవి నాకే ఇచ్చారు. అందులో పనివాళ్ళ ఫైళ్ళు. నాది కూడా.

నా కాగితానికి కాపలా నేనే.

అక్టోబర్ 23

నర్సింగరావు గారు చెడ్డ మనిషి కారు. చదివేసిన పత్రికలు నా బల్ల మీద పెట్టి పోతారు. "బస్సుల సదువుకుంటవు కదా, తీస్కపో" అన్నారు. నేను చదువుతానని ఎలా తెలిసింది?

ఇవాళ ధైర్యం చేసి అడిగాను — ఆ గడి ఎందుకని. ఎన్నో గడి అని కూడా అనలేదు. ఆయనకు అర్థమైంది.

"తినే సామాను తల్లీ. ఒక్క మాట బయటికి పోతె బస్తా కొనేటోడు ఉండడు. నేను పెట్టిందా? సేఠ్ హుకుం."

నయమైనవాళ్ళు కూడానా అని అడగాలి. అడగలేదు.

నవంబర్ 6

సీజను ఆడవాళ్ళను తీసుకుంటున్నారు. బస్తాలు కుట్టడానికి, చక్కెర జల్లించడానికి. కిటికీ బయట వరస. వాళ్ళకు రాయడం రాదు, నేను అడిగి రాయాలి. మాట పెగలని దాన్ని, అడిగే పని నాకే పడింది.

పదకొండో గడి దగ్గరకు వచ్చేసరికి నా గొంతు ఇంకా కిందికి పోతుంది. "గట్టిగ అడుగు బిడ్డా, ఇనొస్తలేదు" అంటారు. గట్టిగా అడిగితే వరసంతా వింటుంది. కుష్టు అన్న మాట ఇక్కడ ఎవరూ అనరు, పెద్దరోగం అనాలి.

"ఇంట్ల ఎవరికన్న పెద్దరోగం ఉన్నదా?"

"నీ నోట్ల మన్నువడ! మా ఇంట్లనా?" — ఒకామె.

"మా అత్త ఉన్నది, రాసుకో. గంతకన్న పెద్దరోగం ఏముంటది?" — ఇంకొకామె. వరసంతా నవ్వు. నేనూ నవ్వాను.

తర్వాత పోశవ్వ. కోటగిరి అవతల పల్లె. నలభై దాటిన మనిషి, చేతిలో సద్దిమూట. నేను అడగడం ఆలస్యం, ముందుకు జరిగింది.

"ఉన్నది బిడ్డా. రాసుకో. మా మల్లయ్యకు. డిచ్‌పల్లిల నాలుగేండ్లు ఉండి వచ్చిండు. మంచిగ రాయి, ఏది ఇడువకు."

సంతోషంగా చెప్పింది! కాసేపు నాకు ఏమీ అర్థం కాలేదు. అంతలో ఆమే అడిగింది —

"దీనికి ఏమిస్తరు బిడ్డా?"

అప్పుడు తెలిసింది. ఆమె ఇన్నాళ్ళు వేలిముద్ర వేసిన కాగితాలన్నీ మిషన్ ఆసుపత్రి కాగితాలు. వాటిలో ఈ ప్రశ్న ఉంటే దాని వెనక ఒక కంబళి ఉంటుంది, పాలపొడి డబ్బా ఉంటుంది. రోగం ఉన్న ఇంటికి ముందు పిలుపు. కాగితం మీద రోగం అడిగారంటే మేలు చేయడానికే అడుగుతారు. వేరే దానికి కూడా అడుగుతారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వెనక ఆడవాళ్ళు రెండడుగులు జరిగారు. నర్సింగరావు గారు కాటా దగ్గర ఉన్నారు.

'లేదు' అని రాశాను. ఆమె బొటనవేలు పట్టుకుని నేనే అద్దాను.

నవంబర్ 7

నా అబద్ధం నా చేత్తో రాశాను. సరే. ఆమె నిజం చెప్పింది, ఆమె వేలితో అబద్ధం చెప్పించాను. రెండూ ఒకటేనా?

కాన్వెంటులో సిస్టర్ అనేవారు — అడిగిన దానికే జవాబు రాయాలి, అడగనిది రాయవద్దని. అడగరానిది అడిగితే ఏం రాయాలో చెప్పలేదు.

నవంబర్ 10

పోశవ్వ పనిలో చేరింది. దూరం నుంచే "కరుణమ్మా!" అని కేక వేస్తుంది. నేను చెయ్యి ఎత్తుతాను, సగం దాకా.

నవంబర్ 15

బాయిలర్ ముట్టించారు. పొద్దంతా చెరకు బండ్లు, మరిగే రసం వాసన. జడలోకి కూడా పట్టింది. రోడ్డు మీద మరాఠీ బండివాళ్ళ తిట్లు. ఒక్క మాట తెలియదు గానీ తిట్లని తెలుస్తుంది.

మధ్యాహ్నం మా పాస్టర్ అయ్యగారు మిల్లుకు వచ్చారు. కోత పండుగ వేలానికి ఒక చక్కెర బస్తా కానుకగా అడిగారు. సేఠ్ ఒప్పుకున్నారట. పోతూ పోతూ నర్సింగరావు గారిని కూడా పిలిచారు.

"నన్ను పెద్దమనిషిని చేసి కుర్చీ ఏస్తరట తల్లీ. మీ గుడేనా అది? మీ అమ్మగారు గూడ వస్తరా?"

వస్తుందన్నాను.

ప్రతి కోత పండుగకు అవ్వ లేచి సాక్ష్యం చెప్తుంది. బాపు ఉన్నప్పటి నుంచి. గుడిలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. పదిహేనేండ్ల పిల్లను బండిలో వేసుకొచ్చి డిచ్‌పల్లి గేటు దగ్గర మూటతో సహా దించి, అన్న బండి మళ్ళించిన సంగతి. "మా అన్న తిరిగి సూడలే. ఎద్దు సూసింది." చిన్నప్పుడు నేను పెదవులు కదిలిస్తూ అవ్వతో పాటు చెప్పేదాన్ని. చివరికి కొంగు తీసి ఆ చెయ్యి పైకి ఎత్తుతుంది, అందరూ చూసేట్టు.

నవంబర్ 17

అవ్వకు ఇంకా చెప్పలేదు. రేపు.

నవంబర్ 18

రేపు.

నవంబర్ 19

గుడి నుంచి వచ్చాక చెప్పాను. అవ్వ చాట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది.

"అవ్వా, ఈ ఏడు సాక్ష్యం చెప్పకు."

"ఎందుకే?"

"మా హెడ్ క్లర్క్ వస్తున్నరు."

"వస్తె మంచిదే గద. ఆయన గూడ ఇంటడు."

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఇరవై గడులు, పదకొండోది, నేను రాసింది. నేలను చూస్తూ చెప్పాను. చాట ఆగింది.

"నన్ను లేదని రాసినవా?"

"నిన్ను కాదు అవ్వా. జబ్బును."

"నాకు సదువొచ్చు కరుణా. డిచ్‌పల్లిలనే నేర్పిన్రు నాకు."

మళ్ళీ రాళ్ళు ఏరింది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

నవంబర్ 20

సందె వేళ దీపం ముట్టించి పక్కన కూర్చున్నాను. అవ్వ చెయ్యి చాపలేదు.

"నేనే సూసుకున్న."

నవంబర్ 22

ఇవాళ కూడా అంతే. తన వేళ్ళు తాను సరిగ్గా చూసుకోలేదు, కంటి చూపు తగ్గింది.

నవంబర్ 26

కోత పండుగ. స్తంభాలకు చెరకు గడలు కట్టారు. బలిపీఠం ముందు వడ్ల మూటలు, మక్క కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు, నడుమ మా మిల్లు బస్తా. నర్సింగరావు గారు ముందు వరసలో కుర్చీ మీద, మెడలో బంతిపూల దండ. కోడి అరిచినప్పుడల్లా కాళ్ళు వెనక్కి తీసుకుంటున్నారు.

అవ్వ నా పక్కన. ఎడమ చెయ్యి కొంగు లోపల.

అయ్యగారు సాక్ష్యాలకు పిలిచారు. ఒకాయన లేచి ఎడ్ల జబ్బు నయమైందన్నాడు. ఇంకొకామె మనవడు పుట్టాడన్నది. ఆ తర్వాత అందరి తలలూ మా వైపు తిరిగాయి. అయ్యగారు నవ్వుతూ చూస్తున్నారు. పిల్లలు ఎద్దు కోసం ఎదురుచూస్తున్నారు.

"శాంతమ్మా?"

"ఈ ఏడు గొంతు మంచిగ లేదు అయ్యగారు."

ఆ గొంతే! గుడిలో ఆ చివరి దాకా వినిపించింది. నా తల మోకాళ్ళ దాకా వంగింది. గెలిచినట్టు ఎందుకు లేదు?

అప్పుడు వెనక నుంచి — "జర నేను చెప్పొచ్చునా?"

పోశవ్వ. ఆమె వచ్చిందని నాకు తెలియనే తెలియదు. వేలం చూడడానికి పల్లెల నుంచి చాలామంది వస్తారు. కొంగు బొడ్లో దోపుకుని నడుమకు వచ్చి నిలబడింది.

"నేను మీ గుడి దాన్ని గాదు. గని మేలు జరిగితె యాడనన్న చెప్పుకోవాలె గద. మా మల్లయ్యకు పెద్దరోగం. డిచ్‌పల్లిల నయమైంది. గని ఊర్లె ఎవ్వరు పనికి పిలువరు, ఆయనను పిలువరు, నన్ను పిలువరు. గిప్పుడు మిల్లుల దొరికింది నాకు. గీ కరుణమ్మనే. రోగం సంగతి నేనే చెప్పిన, దాసలే. అయినా రాసుకున్నది, పని ఇచ్చింది. ఆ పిల్ల సల్లగుండాలె."

స్తోత్రం అన్నారు అందరూ. నర్సింగరావు గారు అనలేదు. నా వైపు తిరిగి చూశారు, దండలోంచి ఒక పువ్వు తెంపి వేళ్ళ మధ్య నలుపుతూ.

తర్వాత గుమ్మడికాయ వేలం పాట. ఎవరికి పోయిందో చూడలేదు.

నవంబర్ 27

పొద్దున్నే నర్సింగరావు గారు తాళంచెవి అడిగి అల్మారి తీశారు. బల్ల మీద పోశవ్వ కాగితం. పదకొండో గడి దగ్గర ఆయన ఎర్ర పెన్సిల్ గీత.

"ఇది నీ దస్తూరీయే గద తల్లీ?"

తల ఊపాను.

"ఆమె ఉన్నదంటె నువ్వు లేదని ఎట్ల రాసినవు?"

ఆయన కిటికీ మూశారు.

"సూడు. గురువారం సేఠ్ వస్తడు. నిన్న గుడిల రెండువందల మంది విన్నరు. ఏదన్న చెయ్యకుంటె నా కొలువు గూడ ఉండదు. ఒక ముక్క రాసియ్యి — అడిగినప్పుడు ఆమె లేదన్నదని. వేలిముద్ర ఆమెదే గద. ఆమె పోతది, నీ మీదికి రాదు. నీ మంచికే చెప్తున్న."

తెల్ల కాగితం ఒకటి నా వైపు జరిపారు.

బయట షెడ్డులో పోశవ్వ బస్తాలు కుడుతూ ఏదో పాడుతున్నది.

నవంబర్ 28

అవ్వకు చెప్పాను. అంతా. ఈసారి నేల చూడలేదు.

"రాస్తవా?" అన్నది.

"తెల్వదు అవ్వా. రాయకుంటె నా ఫైలు గూడ తీస్తరు."

"తీస్తె?"

"నీ సంగతి బయటపడ్తది."

అవ్వ నవ్వింది. పది రోజుల్లో మొదటిసారి.

"నా సంగతి బయటనే ఉన్నది కదనే! ఇరవై ఏండ్ల సంది గుడిల చెప్తున్న. కోటగిరిల చెప్పిన, కమ్మర్‌పల్లిల చెప్పిన. నాకు చెప్పబుద్ధైతె చెప్పిన. గా కాయితం అడిగితె మటుకు చెప్పకపోదునేమో. ఎందుకడుగుతున్నవు, చెప్తె ఏం చేస్తవు — అది అడిగినంకనే చెప్దును."

కొంగు సర్దుకుని —

"ఉన్నదని రాసినా, లేదని రాసినా, నన్నడిగి రాయాలె నువ్వు. వాళ్ళు నన్నడుగలే. నువ్వు గూడ అడుగలే."

కొట్టినా ఇంత ఉండకపోవును.

నవంబర్ 29

మధ్యాహ్నం అన్నం వేళ అందరూ బయట. అల్మారి తెరిచాను. నా ఫైలు. నా 'లేదు' ఎంత చక్కగా ఉంది — గుండ్రంగా, కాన్వెంటు దస్తూరీ. చింపి పొయ్యిలో వేస్తే ఎవరికీ తెలియదు. బాయిలర్ పదడుగుల దూరంలో.

చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ పెట్టేశాను. పెట్టేసినందుకు గొప్ప అనుకోను, అడుగుల చప్పుడు అయింది.

తర్వాత షెడ్డుకు పోయి పోశవ్వ పక్కన కూర్చున్నాను. చెప్పాలి కదా ఆమెకు. దబ్బనం ఆపకుండా విన్నది.

"లేదని రాసినవా? మల్లయ్య ఉన్నడు గద బిడ్డా!"

"ఉన్నదంటె పని ఇయ్యరు పోశవ్వా."

దబ్బనం ఆగింది.

"మరి అడుగుడెందుకు?"

"ఇయ్యకుండ ఉండేటందుకే."

బస్తా కుట్టును వేలితో తడిమింది. గుడిలో తాను చెప్పింది గుర్తొచ్చిందేమో, రెండు చెంపలూ వేసుకున్నది.

"నేను అబద్ధమాడిన్నని రాస్తరా గిప్పుడు?"

"నేను రాయ."

ఆ మాట నా నోటి నుంచి ఎప్పుడు వచ్చిందో. గట్టిగానే వచ్చింది. అటు పక్క కుట్టే ఆమె తల ఎత్తింది.

"పని పోతె పోతది" అన్నది పోశవ్వ. "గని గిది మల్లయ్యకు చెప్పకు. తన మూలాన పోయిందనుకుంటడు. మల్ల అన్నం ముట్టడు."

నవంబర్ 30

తెల్లవారుతున్నది. రాశాను. మూడు వాక్యాలు.

'జబ్బు సంగతి పోశవ్వ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లేదని రాసింది నేను. ఆమె వేలిముద్ర నేనే వేయించాను.' కింద దస్కత్.

ఇక్కడ ఆగాలా? నా ఫైలులో 'లేదు' అట్లనే ఉంది. ఈ మూడు వాక్యాలు చదివిన మనిషి ఆ కాగితం తీయకుండా ఉంటాడా? నేనే ముందు చెప్తే... కానీ ఏమని చెప్పను? రాయడానికి ఆ సంగతి నాది కాదు, అవ్వది.

పొయ్యి దగ్గరికి పోయి అడిగాను. అడగడం ఇదే మొదలు.

"అవ్వా, నీ సంగతి ఏమని రాయమంటవు?"

"ఏం రాయకు" అన్నది. చాయ గిన్నె దించి, రెండు చేతులూ చాపింది. పది రోజుల తర్వాత. ఎడమ చేతి చిటికెన వేలి పక్కన ఎర్రటి మచ్చ, పాత బొబ్బ. మానుతున్నది. నాలుగైదు రోజుల కిందటిది అయి ఉంటుంది. నేను చూడని రోజుల్లోది. కొబ్బరినూనె రాశాను.

"బస్సు ఎన్నింటికి?"

"ఏడున్నరకు. ఎందుకు?"

చెప్పలేదు. లోపలికి పోయింది. పెట్టె తెరిచిన చప్పుడు. ఇప్పుడు ఇది రాస్తుంటే గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చి గడప మీద కూర్చుంది, చెప్పులు తొడుక్కుంటున్నది. పట్టీలు సరిచూస్తున్నది.

"మిల్లుల ఏం చెప్తవు అవ్వా?"

"నేనేం చెప్తనే? మీ సేఠ్‌ను అడుగనియ్యి. మంచిగ అడిగితె చెప్త. లేకుంటె చెప్ప."

మడిచిన కాగితం నా సంచిలో. అవ్వ కొంగు కుడి భుజం మీద చుట్టుకున్నది. ఎడమ చెయ్యి బయటే ఉంది.

మలుపు దగ్గర కోటగిరి బస్సు హారన్...